ఎకర్స్‌బెర్గ్ ఓడల లెక్క

నడిసముద్రంలో కొలతకు ఆసరా ఏదీ ఉండదు. పక్కన చెట్టూ కనపడదు, గోడా కనపడదు. మరి దూరాన ఉన్న ఓడను ఎంత చిన్నదిగా గీయాలి? డెన్మార్క్ చిత్రకారుడు క్రిస్టోఫర్ విల్హెల్మ్ ఎకర్స్‌బెర్గ్ ఈ ప్రశ్నను అందాజాకు వదల్లేదు.

ఈయన 1783లో పుట్టారు. తండ్రి వడ్రంగం, రంగుల పని రెండూ చేసేవాడు. 1807లో బ్రిటిష్ సేనలు కోపెన్‌హేగెన్ మీద గుళ్లవాన కురిపించి, డెన్మార్క్ యుద్ధనౌకలను తోలుకుపోయినప్పుడు ఎకర్స్‌బెర్గ్ ఆ ఊళ్లోనే కళల అకాడమీ విద్యార్థి. తర్వాత పారిస్‌లో చిత్రకారుడు జాక్-లూయీ డేవిడ్ శిష్యరికం, రోమ్‌లో మూడేళ్లు. 1818లో అకాడమీ ప్రొఫెసరయ్యారు. ఓడల మీదికి మనసు గట్టిగా మళ్లింది ఆ తర్వాతే.

ఆయన నమ్ముకున్న సూత్రం పాతదే. చూసేవాడి కన్ను నీటికి పది అడుగుల ఎత్తున ఉందనుకోండి. సముద్రపు వంపును పట్టించుకోనక్కర్లేని దూరంలో ఉన్న ఏ ఓడనైనా, దగ్గరిదైనా దూరానిదైనా, క్షితిజ రేఖ నీటి నుంచి పది అడుగుల ఎత్తులోనే కోస్తుంది. అది తెలిస్తే చాలు. తెరచాప కొయ్య ఎత్తు నూటయాభై అడుగులైతే, నీటి నుంచి రేఖ దాకా ఉన్న దూరానికి పద్నాలుగు రెట్లు రేఖకు పైన నిలవాలి. ఈ ఎత్తుల కోసం ఆయన ఓడల నిర్మాణ నక్షాలను ఆశ్రయించారు. వడ్రంగి చూసే ఓడనూ చిత్రకారుడు చూసే ఓడనూ ఒకే కాగితం మీద కలపడం, దాన్ని ఏళ్ల తరబడి పట్టుదలగా సాగించడం, నా దృష్టిలో ఆయన అసలు ఘనత. హెల్సింగోర్ దగ్గర లంగరు వేసిన రష్యన్ యుద్ధనౌక ‘అజోవ్’ను 1828లో గీసిన చిత్రం చూడండి. ప్రతి తాడూ ఏదో ఒక పని చేస్తూనే కనిపిస్తుంది.

గాలి సంగతీ అంతే. రోజూ డైరీలో గాలి, వాతావరణం రాసుకునేవారు. జెండా ఒక దిక్కుకు ఎగురుతూ తెరచాప ఇంకో దిక్కుకు పొంగితే ఆయనకు అది అబద్ధం. 1839లో, యాభై ఆరేళ్ల వయసులో, ‘గలాతియా’ అనే యుద్ధనౌకెక్కి ఉత్తర సముద్రం చూసి వచ్చారు. చిత్రకారుల కోసం పర్‌స్పెక్టివ్ మీద 1833లో ఒకటి, 1841లో ఒకటి పుస్తకాలు రాశారు.

ఆయన గీసిన సముద్రం మరీ కుదురుగా ఉందని పెదవి విరిచేవాళ్లున్నారు. ఆ కుదురే నాకు ఇష్టం. 1853లో కలరాతో ఆయన పోయారు. శిష్యుడు ఆంటన్ మెల్బీ సముద్ర చిత్రాలతోనే పేరు తెచ్చుకుని పారిస్ చేరాడు. 1855లో అక్కడికి వచ్చిన ఒక యువకుడు మెల్బీ దగ్గర సహాయకుడిగా కుదిరాడు. అతనే తర్వాత ఇంప్రెషనిస్టు చిత్రకారుడిగా పేరొందిన కమీల్ పిస్సారో.