ఉకులేలే: చెరకు వెంట పుట్టిన వాద్యం

బోధన్‌లో శక్కర్‌నగర్ అంటే చాలు, నిజాం షుగర్ ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. ఉకులేలే పేరులో చక్కెర కనపడదు గానీ, దాని పుట్టుక వెనకా చెరకు తోటలే ఉన్నాయి. 1879లో మదీరా దీవి నుంచి తోటపనికి హవాయి చేరిన పోర్చుగీసు వలసజనంలో మాన్యుయెల్ నూనెస్ లాంటి వడ్రంగులున్నారు. వాళ్ల ఊరి నాలుగు తీగల బుల్లి గిటారే ఉకులేలేగా మారింది. హవాయి భాషలో ‘ఉకు’ అంటే పేను లాంటి పురుగు, ‘లేలే’ అంటే గెంతడం. తీగల మీద వేళ్ల గెంతు చూసి ఆ పేరు పెట్టారంటారు.

నాకెంతో ఇష్టమైన గెంతు సి మేజర్ కార్డ్‌లో ఉంది. మామూలుగా నేలవైపు తీగ మూడో మెట్టు నొక్కితే చాలు. అదే కార్డ్‌ని పైతీగ నుంచి వరసగా 5, 4, 3, 3 మెట్ల మీద పట్టి చూడండి. స్వరాలు అవే స, గ, ప. తీగల మీద వాటి చోట్లు మారి, నాదం కొత్తగా మోగుతుంది.