ధనమెవరిది, ఋణమెవరిది?

మైపాడు తీరమున బెస్తవారు తెప్పను ఇసుకపైకి లాగుచుండగా నేనొకమారు త్రాటికొన పట్టితిని. పదడుగులు జరుగుటకే చేతులు మండినవి. పడిన పాటంతయు నేమయ్యెను? తెప్ప యడుగుకొయ్యయు, దాని క్రింది యిసుకయు వెచ్చబడినవి. ఘర్షణ చేసిన పని ఋణమని భౌతికశాస్త్రము చెప్పును. ఋణమైనచో వేడి పెరిగినదేమి?

ధన, ఋణ శబ్దములు మనకు క్రొత్తవి కావు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రహ్మస్ఫుటసిద్ధాంతమున వీని కూడిక, తీసివేత, గుణకారములకు నియమములు చెప్పెను. ధనమనగా సొత్తు, ఋణమనగా అప్పు. అప్పుపత్ర మొక్కటే, ఇచ్చినవానికది రాబడి, పుచ్చుకొన్నవానికి బాకీ. నెల్లూరి వర్తకునకు దీనిని వేరుగా బోధింప నక్కరలేదు. తెప్ప గమనపు ఖాతాలో ఘర్షణ ఖర్చు. ఆ ఖర్చే కొయ్యకును ఇసుకకును జమ.

1798లో రంఫర్డు ప్రభువు మ్యూనికు ఆయుధశాలలో తాను చేసిన పరీక్షను లండను రాయల్ సొసైటీకి విన్నవించెను. గుఱ్ఱముల బలముచే మొద్దు బరమా ఫిరంగి లోహమును రాయుచుండగా, చుట్టునున్న నీరు రెండున్నర గంటలలో మరిగెను. క్రింద నిప్పు లేదు! చూచినవారు నివ్వెరపోయిరట.

ఇచ్చట లెక్క జాగ్రత్తగా వ్రాయవలెను. ఫిరంగి వేడెక్కినది గనుక దానికి ఉష్ణము జమ యని తోచును. కాదు. దానికి వెలుపలినుండి వచ్చినది గుఱ్ఱముల పని. ఉష్ణమో, దానినుండి నీటిలోనికి పోయినది. ఫిరంగి ఖాతాలో ఉష్ణము ఋణము, నీటి ఖాతాలో అదియే ధనము. వేడెక్కుట వేరు, ఉష్ణమును పుచ్చుకొనుట వేరు. నేను పాఠములు చెప్పిన దినములలో ఈ మెట్టున కాలు జారినవా రెందరో. అందఱికంటె ముందు జారినవాడను నేనే.

పిమ్మట జౌలు తెడ్లచే నీటిని చిలికి, ఇంత పనికి ఇంత ఉష్ణమని మారకపు వెల కట్టెను. 1850లో క్లౌసియస్ సమీకరణమును వ్రాయునాటికి పండితుల మనస్సు ఆవిరియంత్రముపై నుండెను. యంత్రమునకు మనము పెట్టునది ఉష్ణము, అది మనకిచ్చునది పని. అందుచే లోనికి పోవు ఉష్ణమును, వెలికి వచ్చు పనియు రెండును ధనములయ్యెను. రసాయనశాస్త్రజ్ఞులు మాత్రము ఉష్ణమైనను పనియైనను లోనికి వచ్చినదెల్ల ధనమనిరి. నేడు వారి అంతర్జాతీయ సంఘము సిఫారసు చేయునది ఈ పద్ధతియే. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పదునొకండవ తరగతి భౌతికశాస్త్రమున మొదటి పద్ధతియు, రసాయనశాస్త్రమున రెండవదియు కలవు. ఒకే సంచిలో రెండు పుస్తకములు, పనికి రెండు గుర్తులు! తికమకపడిన బాలునిదా తప్పు?

ఈ లెక్కకు పెద్ద పరీక్ష మన తీరముననే జరిగినది. 2007 జనవరి 10న, అప్పటికి నెల్లూరు జిల్లాలోనున్న శ్రీహరికోట నుండి 550 కిలోల పేటిక యొకటి అంతరిక్షమునకు పోయి, 22వ తేదీన తిరిగివచ్చెను. గాలి రాపిడి యందుము గాని, అంతటి వేగమున ముందరి గాలి నలిగి అణగుటయే ఆ వేడికి ముఖ్యకారణము. పేటిక గమనపు ఖాతాలో గాలి చేసిన పని ఋణము. కవచపు ఖాతాలో గాలినుండి వచ్చు ఉష్ణము ధనము. ఆ ధనము లోపలి పరికరములకు చేరకుండ ముక్కున కార్బన్ ఫినాలిక్ కవచమును, తక్కినచోట్ల సిలికా పలకలను అమర్చిరి. పేటిక శ్రీహరికోటకు సుమారు 140 కిలోమీటర్ల దూరమున బంగాళాఖాతములో దిగి, నీటిపై తేలుచుండగా ఓడవారు దానిని పైకెత్తి తెచ్చిరి.