మూడు మూలల ఇంజిన్ చరిత్ర

డాలస్‌లో ఉంటున్న మా బావ పాత మాజ్దా ఆర్‌ఎక్స్-7 చూసి ఫోన్ చేశాడు: "ఇంజిన్ స్మూత్‌గా ఉంది రా, అడ్వాన్స్ ఇచ్చేస్తున్నా."

"ఆగు బావా" అన్నాను. ఎందుకో చెప్తా.

రోటరీ ఇంజిన్‌లో పిస్టన్ ఉండదు, మూడు మూలల రోటర్ తిరుగుతుంది. మూలకో సీల్. కథంతా ఆ సీల్‌దే.

1967లో జర్మనీ కంపెనీ ఎన్‌ఎస్‌యూ రో 80 తెచ్చింది. సీళ్లు అరిగిపోయాయి, వారంటీ ఖర్చులకి కంపెనీ కుదేలైంది. 1969లో ఫోక్స్‌వ్యాగన్ చేతికి వెళ్లింది. జపాన్‌లో మాజ్దాకీ అదే తలనొప్పి. లోపలి గోడ మీద సీళ్లు పెట్టే గీతల్ని వాళ్లు "దెయ్యం గోళ్ల గీతలు" అనేవారు. యమమోటో కెనిచి టీమ్ కార్బన్ సీళ్లతో గట్టెక్కింది.

అయినా అరుగుదల ఆగలేదండీ. అందుకే ఇంజిన్ వేడిగా ఉండగా, రోటరీ టెస్టర్‌తో ఒక్కో రోటర్‌కి మూడు రీడింగులు తీయించాలి. మామూలు గేజ్ మూడింటిలో పెద్ద అంకె ఒక్కటే చూపిస్తుంది.

బావ తీయించాడు. ఒక వైపు బాగా తక్కువ వచ్చింది. అడ్వాన్స్ జేబులోనే ఉండిపోయింది.