శాక్సఫోన్ వాద్యమున అగ్రగణ్యుడెవరు?

సంగీతమున్న చోటనెల్ల తారతమ్య వాదము కూడ ఉండును. నాగస్వరమున రాజరత్నం పిళ్ళకు సాటి యెవరని దక్షిణదేశపు రసికులు కచేరీ ముగిసిన పిదప కూడ ఇండ్లకు పోక వాదించుకొనినట్లే, అమెరికాలో జాజ్ సంగీతప్రియులు శాక్సఫోన్ విద్వాంసులను గూర్చి కొన్ని తరములుగా వాదించుకొనుచున్నారు. ఈ వాదము తేలకపోవుటకు కారణము వాదించువారి పంతము మాత్రమే కాదు. వీణకు నారదుడున్నాడు, వేణువునకు గోపాలుడున్నాడు. శాక్సఫోనునకు ఉన్నది ఒక పేటెంటు పత్రము. బెల్జియములోని దినాన్ పట్టణమున 1814లో పుట్టిన అడాల్ఫ్ సాక్స్ దానిని పారిస్ నగరమున 1846లో పొందినాడు. వాద్యపు ఒడలు ఇత్తడి. ఊదు చోట అమర్చినది రెల్లు చీలిక. సైనిక వాద్యబృందములలో ఇత్తడి బూరలకును కొయ్య వాద్యములకును నడుమనున్న లోటును పూడ్చుట అతని ఉద్దేశము. వ్యాజ్యములతోను దివాలాలతోను క్రుంగి అతడు 1894లో మరణించునాటికి జాజ్ సంగీతము రూపు కట్టలేదు. ఈ వాద్యపు సహజనాదమేది అని అడిగిన, ప్రమాణముగా చూపదగిన పూర్వులు లేరు. ఊదిన ప్రతి ఘనుడును తన నాదమునే ప్రమాణముగా నిలుపవలసి వచ్చినది.

మొదట అట్లు నిలిపినవాడు కోల్‌మన్ హాకిన్స్. అంతకు ముందు వినోదశాలలలో నవ్వు పుట్టించుటకు వాడబడిన టెనర్ శాక్సఫోనునకు అతడు నిండైన, బరువైన, కంపితముతో కూడిన కంఠమును ఇచ్చినాడు. న్యూయార్కులో ఫ్లెచర్ హెండర్సన్ బృందమున పదేండ్లు వెలిగి, 1934లో ఐరోపాకు వెడలినాడు. తిరిగివచ్చి 1939 అక్టోబరు 11న ముద్రించిన ‘బాడీ అండ్ సోల్’ రికార్డు మూడు నిమిషములది. మూలగీతమును మొదట కొంచెము తాకి విడిచి, తక్కినదంతయు మనోధర్మముతో నడిపించినాడు. జనులు దానిని విరివిగా కొనినారు.

అతడు విడిచిన ఆసనమున 1934లో కూర్చున్నవాడు లెస్టర్ యంగ్. ఇతని నాదము పలుచనిది, కంపితము తక్కువ, తొందర లేనిది. బృందమువారికి అది రుచింపలేదు. హెండర్సన్ ఇల్లాలు ఈ యువకుని కూర్చుండబెట్టి, ఇట్లు ఊదవలెనని హాకిన్స్ రికార్డులు వినిపించెడిది. ఆమె చెడ్డ ఉద్దేశముతో చేసినది కాదు. నాదమనిన అదియే అని ఆనాటివారి నమ్మకము. లెస్టర్ మారలేదు. తనను వెళ్ళగొట్టలేదని ఒక ఉత్తరము మాత్రము వ్రాయించుకొని వెడలిపోయినాడు. కౌంట్ బేసీ బృందముతో అతడు 1936లో ఇచ్చిన తొలి రికార్డులను విన్నవారికి ఆ పలుచని నాదములోని బలము తెలియవచ్చినది.

కాన్సాస్ సిటీలో ఆ నాదమును చెవులార విన్న బాలుడొకడు చార్లీ పార్కర్. 1936లో, పదునారేండ్ల ప్రాయమున, పెద్దల గోష్ఠిలో చొరబడి తాళము తప్పినాడు. డోలు వాయించు జో జోన్స్ తన సింబల్ పళ్ళెమును ఊడదీసి అతని పాదములవద్ద విసరినాడు. మరుసటి వేసవిలో ఓజార్క్ కొండలకు కొలువుపై పోయిన ఆ బాలుడు లెస్టర్ రికార్డులను వెంట గొనిపోయి, కల్పనలన్నిటిని స్వరము తప్పకుండ కంఠస్థము చేసినాడు. పదేండ్లు గడువకముందే జాజ్ సంగీతపు నడకనే అతడు మార్చివేసినాడు. 1955లో ముప్పది నాలుగేండ్లకే మరణించినాడు. నేడు వాదమున పలువురు కిరీటమిచ్చునది ఇతనికే.

తక్కినవారు జాన్ కోల్ట్రేన్ పేరు చెప్పుదురు. 1961లో ఒక ప్రసిద్ధ పత్రికలో విమర్శకుడొకడు అతని వాదనమును జాజ్‌కు విరోధియని నిందించినాడు. లెస్టర్ వినిన మాటయే మరల వినబడినది. ఆ యేడే అతడు ‘ఇండియా’ అను రచనను వాయించినాడు. రవిశంకర్ సంగీతమును శ్రద్ధతో విని, 1965లో పుట్టిన కుమారునకు రవి అని పేరు పెట్టుకొనినాడు. ఇక సానీ రోలిన్స్ 1959లో, కీర్తి మధ్యాహ్నమున ఉండగా, కచేరీలు మాని రెండేండ్లు న్యూయార్కు వంతెనపై సాధన చేసినాడు. మన కథలలోని తపస్సు కంటె ఇది తక్కువది కాదు.

నన్నడిగిన, నేను లెస్టర్ పక్షము. పార్కర్ వేగము, కోల్ట్రేన్ ఆవేశము అతనికి లేవు, నిజమే. కాని పాటలోని మాటలు తెలియనిదే ఆ పాటను వాయింపరాదని అతడు పట్టుపట్టెడివాడు. బిల్లీ హాలిడే పాడుచుండగా వెనుక అతడు ఊదిన పలుకులను వినుడు. మాట ఎచ్చట ఆగునో వాద్యము అచ్చట మొదలిడును.

ఈ కొలతతో చూచిన, ఆ దేశపు జాబితాలలో చేరని ఒక పేరును చేర్చవలసి వచ్చును. తుళునాట 1949లో నాగస్వర విద్వాంసుని యింట పుట్టిన కద్రి గోపాలనాథ్, మైసూరు రాజభవనపు బ్యాండులో శాక్సఫోను విని, దానిని కర్ణాటక సంగీతమునకు తేవలెనని నిశ్చయించుకొనినారు. చిక్కు చిన్నది కాదు. ఆ వాద్యమున మీట నొక్కిన స్వరము పలుకును, విడిచిన మరొకటి పలుకును. మనకో, స్వరమునుండి స్వరమునకు పోవు దారియే సంగీతము. ఆయన మీటలను సవరించి, పెదవిని, శ్వాసను అదుపులోనికి తెచ్చి గమకము పలికించినారు. గాయకులును మృదంగ విద్వాంసులును అయిన టి.వి. గోపాలకృష్ణన్ వద్ద శిక్షణ పొందినందున, ఆయన వాదనము గాత్రమును విడువలేదు. త్యాగరాజస్వామి కీర్తన ఆ ఇత్తడి గొట్టమునుండి వెలువడునప్పుడు, తెలుగు తెలిసిన శ్రోతకు పదవిభాగము చెవికి తగులును. మాట లేని వాద్యమున మన మాట వినుట మనకు కలిగిన ప్రత్యేక భాగ్యము. ఆ శ్రోతకు తప్ప ఇతరులకు ఈ తీర్పునందలి సగము బలము తెలియదు.

1980లో బొంబాయి జాజ్ ఉత్సవమున అమెరికన్ విద్వాంసుడు జాన్ హాండీతో కలిసి వాయించినారు. 1994లో లండన్ ప్రామ్స్ ఉత్సవమున కచేరీ చేసినారు. 2019 అక్టోబరు 11న మంగళూరున దివంగతులైనారు.

అమెరికాలో పెరిగిన కన్నడ కుటుంబపు యువకుడు, పార్కర్ మార్గమున ఆల్టో శాక్సఫోను నేర్చుకొనుచున్న రుద్రేశ్ మహంతప్ప విద్యార్థిగా ఉన్నప్పుడు, అన్న అతనికి గోపాలనాథ్ రికార్డు ఒకటి పరిహాసమునకై ఇచ్చినాడు. ‘భారతీయ పద్ధతి శాక్సఫోను’ అను దాని పేరే వారికి నవ్వు తెప్పించినదట. 2008లో ఆ తమ్ముడును గోపాలనాథును ఒకే రికార్డుపై కలిసి వాయించినారు. ‘కిన్స్‌మెన్’, అనగా జ్ఞాతులు, అని దానికి పేరు.