సాలగ్రామాల లోయ

తెలుగు ఇండ్ల పూజామందిరాలలో తులసీదళంతో అభిషేకమందుకొనే సాలగ్రామం ఎక్కడిదని అడిగితే, గండకీ నదిలోదన్న సమాధానం వెంటనే వస్తుంది. ఆ నది ఎటువంటి చోట పారుతున్నదో ఎరిగినవారు తక్కువ. పచ్చని తపోవనాలను ఊహించుకొంటాము గాని, సాలగ్రామాలు దొరికే కాళీగండకి ఎగువ లోయ దాదాపు ఎడారియే.

నేపాల్‌లోని ముస్తాంగ్ జిల్లాలో జోమ్‌సోమ్ నుండి కాగ్‌బేనికి సుమారు 10 కిలోమీటర్ల దారి. శీతకాలంలో నది సన్నని పాయలుగా చీలిపోతుంది కనుక విశాలమైన గులకరాళ్ల మేటల మీదుగానే నడవవచ్చును. దక్షిణాన 8,167 మీటర్ల ధవళగిరి, 8,091 మీటర్ల అన్నపూర్ణ వర్షమేఘాలను అడ్డగించడంచేత ఇక్కడ ఏటా 300 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. ఇరుప్రక్కలా పచ్చదనమెరుగని బూడిదరంగు కొండచరియలు. తెల్లవారగానే బయలుదేరడం మేలు. ప్రొద్దెక్కేసరికి ఉత్తరపు పీఠభూమి వేడెక్కి, దక్షిణపు గాలిని లోయలోకి లాగుతుంది. ఆపై ఇసుకకు కన్ను తెరవడమే కష్టం.

బాటసారి చూపు శిఖరాలపై కాక కాళ్ల క్రిందనే ఉంటుంది. నల్లని గుండ్రాయి పగిలినచోట చక్రం కనిపిస్తుంది. అది అమ్మొనైట్ అనే సముద్రజీవి గుల్ల. సుమారు 15 కోట్ల ఏండ్ల క్రిందట, హిమాలయమింకా లేని కాలాన, ఇక్కడ టెథిస్ సముద్రముండేది. దాని అడుగు బురద నల్లని పలకరాయిగా మారింది. గుల్లల చుట్టూ ఖనిజాలు పేరుకొని గట్టి ఉండలు కట్టాయి. భారత భూఖండం ఆసియాను ఢీకొనగా ఆ అడుగు పైకి లేచింది. నది మెత్తని పలకరాయిని కోసినప్పుడు ఉండలు విడివడి ఏటిలో పడతాయి.

బ్రహ్మవైవర్త పురాణకథలో తులసి శాపంచేత విష్ణువు శిల అవుతాడు. ఆమె దేహం గండకీ నది అవుతుంది. వజ్రకీటాలు ఆ శిలను తొలిచి చక్రాలు చేస్తాయి. ఈ కథలో ఆధునిక శాస్త్రాన్ని వెదకే ఉత్సాహం కొందరికి ఉన్నది. అది అనవసరం. అయినా రాతిలోని చక్రం ఒక ప్రాణి చేసిన గుర్తేనని పూర్వులు భావించడం గమనార్హం. తేడా ఒక్కటే: అది కీటకం తొలిచిన రంధ్రం కాదు, జీవి తనకై కట్టుకొన్న ఇల్లు. ఈ నదిలోని సాలగ్రామాలను గురించి ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్ 1819లో ప్రచురించిన నేపాల్ వృత్తాంతంలో వ్రాశాడు.

ఈ దారి యాత్రికులది మాత్రమే కాదు. టిబెట్టు ఉప్పు దక్షిణానికి, దక్షిణపు ధాన్యం ఉత్తరానికి శతాబ్దాలపాటు ఇటే నడిచాయి. ఆ సుంకం గుత్తలతోనే తుకుచేలోని థకాలీ కుటుంబాలు సంపన్నమయ్యాయి. కాగ్‌బేని సంగమంలో హిందువులు పిండప్రదానం చేస్తారు. అక్కడినుండి పైకెక్కితే 108 ధారల ముక్తినాథ్. శ్రీవైష్ణవులకు దివ్యదేశమైన ఆ క్షేత్రం బౌద్ధులకూ పూజనీయమే.

సాలగ్రామానికి వెల కట్టరాదని మన సంప్రదాయం. నేడు ముక్తినాథ్ దారిలో వాటిని బల్లల మీద పరచి అమ్ముతున్నారు. అమ్మేవారిని నిందించి ప్రయోజనం లేదు. ఉప్పు వ్యాపారం పోయిన లోయలో యాత్రికుడే ఆదాయం. ఏటిలోని రాళ్లకు లోటు లేదనేది వారి వాదన. వరద చరియలను కోసిన ప్రతిసారీ కొత్తవి దిగుతాయన్నది నిజమే. అయితే 2023 ఆగస్టులో వచ్చిన వరద కాగ్‌బేనిలో ఇండ్లను, వంతెనలను కూడా తీసుకొనిపోయింది. వాన అరుదన్న నమ్మకంతో మట్టికప్పులు వేసి కట్టుకొన్న ఊళ్లవి.