డోంగర్‌గఢ్ కొండ, తెల్లవారుజామున

ఛత్తీస్‌గఢ్‌లోని డోంగర్‌గఢ్ ఊళ్ళో కొండ మీది బమ్లేశ్వరి అమ్మవారి గుడికి వెయ్యికి పైగా మెట్లున్నాయి. కొండ దిగువన చిన్న బమ్లేశ్వరి ఆలయం ఉంది. దుర్గ్ నుంచి ఈ ఊరు రైలు దారిన పడమరగా సుమారు 60 కిలోమీటర్లు. భిలాయి శివారులోని భిలాయి-3 దుర్గ్ కంటే ఇంకాస్త తూర్పున ఉంటుంది.

స్థలపురాణం ప్రకారం ఇది ఒకనాటి కామావతి నగరం. సంతానం లేని వీరసేన మహారాజు శివుణ్ణి, దుర్గను కొలిచి కొడుకును పొంది, ఈ గుడి కట్టించాడట. నర్తకి కామకందల, సంగీత విద్వాంసుడు మాధవానలుడి ప్రేమకథ కూడా ఇక్కడిదే అంటారు. ఆ కథ మీద 16వ శతాబ్దంలో గణపతి గుజరాతీలోను, కుశలలాభుడు రాజస్థానీలోను కావ్యాలు రాశారు. కథ ఎంత అందమైనదైనా, గుడి వయసు తేల్చడానికి అది చాలదు. కొండ చుట్టుపక్కల నేలలోని గ్రానైటు వయసు మాత్రం 200 కోట్ల ఏళ్ళ పైమాటే. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని ఈ ఊరి పేరుతోనే పిలుస్తారు.

ఖైరాగఢ్ సంస్థానంలో ఉన్న ఈ ఊరికి 1880లలో రైలు వచ్చింది. దూరప్రాంతాల భక్తులకు కొండ అందుబాటులోకి వచ్చింది అప్పుడే. భిలాయి ఉక్కు కర్మాగారంలో 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. ఆ కర్మాగారంలోను, భిలాయి-3 పక్కనే ఉన్న చరోదా రైల్వే యార్డులోను పనికి వచ్చినవారిలో తెలుగువాళ్ళూ చాలామంది ఉన్నారు. డోంగర్‌గఢ్‌లో ఏటా జరిగే జాతరలు రెండూ వాళ్ళకు కొత్తవి కావు: చైత్ర నవరాత్రులు ఉగాది నాడే మొదలవుతాయి, ఆశ్వయుజ నవరాత్రులు దసరాతో ముగుస్తాయి.

ఈ నవరాత్రుల్లో భిలాయి, దుర్గ్‌ల నుంచి జనం రాజనందగావ్ మీదుగా కాలినడకన బయల్దేరుతారు. చాలామంది రాత్రిపూట నడుస్తారు. దారి పొడవునా సేవా పందిళ్ళలో మంచినీళ్ళు, టీ, భోజనం పెడతారు. రాత్రి నడక భక్తికే కాదు, ఒంటికీ అవసరం. చైత్రంలో ఎండెక్కితే మెట్ల మీద వట్టి కాళ్ళు నిలవవు. చీకటితో ఎక్కినవాళ్ళకు పైన సూర్యోదయం దొరుకుతుంది. తూర్పు దిక్కున శివనాథ్ నది పరీవాహక మైదానం ఉంటుంది.

గుడిలో భక్తుల పేరిట వెలిగించిన జ్యోతికలశాలు తొమ్మిది రోజులూ ఆరకుండా మండుతాయి. గోధుమ మొలకలైన జవారాలు పెంచి, చివర నీళ్ళలో నిమజ్జనం చేస్తారు. మెట్లెక్కలేనివారికి రోప్‌వే ఉంది. తిరుగు ప్రయాణం ఎక్కువమందికి రైల్లోనే. జాతర రోజుల్లో కొన్ని ఎక్స్‌ప్రెస్ రైళ్ళను ఇక్కడ ప్రత్యేకంగా ఆపుతారు.