పటంలో మిగిలిన మొండిగోడలు

పటం అబద్ధం చెప్పదని చిన్ననాడు బడిలో విన్నాను. స్కాట్లండు ఉత్తరాన ఉన్న సదర్లాండు అనే కొండల కౌంటీ పటాలు రెండింటిని పక్కపక్కన పెట్టి చూచిన తర్వాత ఆ మాటను సవరించుకోవలసి వచ్చింది. పటం అబద్ధం చెప్పకపోవచ్చు. కాని నిలదీసి అడగనిదే నిజమూ చెప్పదు.

మొదటిది సైనికుల పటం. 1746లో కల్లోడెన్ వద్ద జాకొబైటు తిరుగుబాటును అణచిన బ్రిటిషు ప్రభుత్వం, 1747-1755 మధ్య విలియం రాయ్ మొదలైనవారి చేత స్కాట్లండు ప్రధాన భూభాగాన్నంతా కొలిపించింది. వెయ్యి గజాలకు అంగుళం చొప్పున గీసిన ఈ పటానికి సైన్యం నడిచే దారులే ముఖ్యం. తొందరలో గీసినది గనుక దీన్ని బట్టి ఇళ్లు లెక్కపెట్టలేము. అయినా నేవర్ నది లోయలో ఎర్రరంగుతో గుర్తించిన పల్లెలు, వాటి చుట్టూ సాగుభూములు కనబడుతూనే ఉన్నాయి.

రెండవది 1870లలో ఆర్డ్నెన్స్ సర్వే తెచ్చినది. మైలుకు ఆరు అంగుళాలు. కొలతలో దీనికి వంక పెట్టలేము. కాని అదే లోయలో ఇప్పుడున్నవి కప్పులేని కట్టడాల రూపురేఖలు, గొర్రెల దొడ్లు.

నడుమ ఏమి జరిగింది? రెండు పటాలూ నోరు విప్పవు. ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో మార్క్సు ఇచ్చిన లెక్క చూడండి: 1814-1820 మధ్య సదర్లాండు డచ్చెస్ దాదాపు 3,000 కుటుంబాలను, అంటే 15,000 మందిని వెళ్లగొట్టింది. 7,94,000 ఎకరాలు తాను ఉంచుకొని, సముద్రపుటొడ్డున 6,000 ఎకరాలు వారికి విదిల్చింది. 1825 నాటికి ఆ నేల మీద 1,31,000 గొర్రెలు మేస్తున్నాయి. ఇళ్లు తగలబెట్టించాడన్న అభియోగంపై ఎస్టేటు ఏజెంటు పాట్రిక్ సెల్లర్‌ను 1816లో విచారించిన న్యాయస్థానం నిర్దోషి అని విడిచిపెట్టింది. ఆ మంటలను కళ్లారా చూచిన డోనాల్డ్ మెక్లౌడ్ అనే తాపీపనివాడు 1840లలో పత్రికకు లేఖలు వ్రాసేదాకా పల్లె మాట అచ్చుకు ఎక్కలేదనే చెప్పాలి.

ఇది మనకు దూరపు కథ కాదు. 1815లో భారతదేశపు తొలి సర్వేయరు జనరల్ అయిన కోలిన్ మెకంజీ కూడా ఉత్తర స్కాట్లండువాడే. లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టాడు. కంపెనీ కోసం నేల కొలిచినా, కావలి సోదరుల సాయంతో మన గ్రామాల కైఫీయతులు కూడా సేకరించాడు. ఆ విలువ మనం గుర్తించాలి. పటం నేల ఎంతో చెబుతుంది. కైఫీయతు ఆ నేల ఎవరిదో, ఎలా చేయి మారిందో చెబుతుంది. సదర్లాండుకు మెక్లౌడ్ లేఖలే కైఫీయతు.

కనుక విద్యార్థి మిత్రులారా, మీ ఊరి పాత పటం చేతికి వస్తే దాచుకోండి. దానితోపాటు, అందులో పేరు లేని గూడెంలోని ముసలివాళ్ల దగ్గరకు వెళ్లి కూర్చోండి. రెండూ కలిస్తేనే చరిత్ర.